కాఫీ అంటే ఎబొనైటు

ఇలా రా చిట్టితల్లీ, ఆ కుర్చీ వదిలేసి నా మంచం మీదికి రా. కాస్త అటు జరుగు, నేను కాళ్ళు చాపుకోవాలి. చెవి ఇటు పెట్టు. మీ ముత్తాత ముక్కు పోయిన సంగతి, అది పోయిందని ఎవరికీ తెలియకుండా రెండేళ్ళు నేను దాచిన సంగతి, ఒక ఏడు పెన్నుల పెద్దమనిషి వచ్చి దాన్ని నలుగురిలోకి లాగిన సంగతి ఇవాళ నీకు చెబుతాను.

మీ ముత్తాత అంటే మా మామగారు. పాత పెన్నులు బాగుచేసేవారు. ఇంటి ముందుగదే షాపు. కిటికీ పక్కన బల్ల, బల్ల మీద సిరా మరకలు పడి పడి ఏ రంగుదో చెప్పలేని ఉన్నిగుడ్డ, దాని మీద పట్టకార్లు, పాళీలు సరిచేసే సన్నరాయి, కంటికి తగిలించుకునే భూతద్దం. ఆ గదికీ వెనక గదికీ మధ్య ఒక తెర. తెర వెనక పంపు, తొట్టి, పొయ్యి, నేను, మా అత్తగారు. మీ తాత ఆదివారమని కూడా లేకుండా పొద్దున్నే అచ్చాఫీసుకి వెళ్ళిపోయేవారు, అందుకే ఈ కథలో ఆయన లేరు. ఉంటే కథ రెండో రోజుకే అయిపోయేది. ఆయన నోట్లో ఆవగింజ నానదు.

మామగారికి పేరొచ్చింది మరమ్మతుల వల్ల కాదు. పాత పెన్నులు పోగుచేసే పిచ్చివాళ్ళు కొందరుంటారు చూడు, వాళ్ళకి పెన్నుతో రాసుకునే పని ఉండదు. అది దేనితో చేసిందో తెలిస్తే చాలు, ఆ రోజంతా కడుపు నిండినట్టే తిరుగుతారు. అలాంటివాళ్ళు మామగారి దగ్గరికి వచ్చేవారు. ఆయన చూసి ఒక చీటీ రాసిచ్చేవారు. చీటీలో మూడే వరుసలు. ఒళ్ళు దేనిది, పూత దేని మీద దేనిది, పాళీ దేనిది. కింద సంతకం. ఆ సంతకం ఉంటే ఇక ఎవరూ మారుమాట్లాడేవారు కాదు.

పూతా పాళీ చెప్పడానికి కళ్ళు కావాలి. ఒళ్ళు చెప్పడానికి మాత్రం ముక్కు కావాలి. బొటనవేలితో పెన్నుని వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వాసన చూడాలి. అగ్గిపుల్ల గీసినప్పుడు వచ్చే గంధకం వాసన వస్తే ఎబొనైటు. అది రబ్బరుని గంధకంతో ఉడికించి రాయిలా బిగించిన సరుకు. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడు. తడివేలితో రుద్దితే పాత పాలగిన్నె వాసన వచ్చిందంటే పాలవిరుగుడుతో చేసింది, దాన్ని కేసీన్ అంటారు. ఏ వాసనా లేదంటే ఉత్త ప్లాస్టిక్కు.

మామగారికి నశ్యం అలవాటు. పొద్దున లేచిన దగ్గర్నుంచి రెండు వేళ్ళూ ముక్కు దగ్గరే. ఒక వానాకాలం పెద్ద జలుబు చేసింది. నెల తర్వాత జలుబు పోయింది, పోతూ పోతూ ముక్కుని కూడా వెంటబెట్టుకుపోయింది. నేనెలా కనిపెట్టానంటే, ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి వీధిలోకి వాసన కొడుతుంటే ఆయన పొయ్యికి బెత్తెడు దూరంలో కూర్చుని హాయిగా పేపరు చదువుకుంటున్నారు. నేను ఆయన్ని చూశాను. నేను చూడడం ఆయనా చూశారు. మాడిన గిన్నె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు మా అత్తగారు పక్కింటికి వెళ్ళిన సమయం చూసి తొట్టి దగ్గరికి వచ్చారు. చేతిలో రెండు పెన్నులు.

"అమ్మాయ్, రుద్ది చూసి చెప్పు. ఇది దేని వాసన?"

"అగ్గిపెట్టె వాసన మావయ్యగారూ."

"ఇది?"

"బట్టలపెట్టె అడుగున కర్పూరం బిళ్ళలు వేస్తాం చూడండి, ఆ వాసన."

ఆయన తొట్టి గట్టు మీద కూలబడ్డారు. ఈ సంగతి నీకూ నాకూ తప్ప గోడకి కూడా తెలియకూడదు అన్నారు. మీ అత్తగారికి అసలే తెలియకూడదు, నశ్యం మానమని పాతికేళ్ళుగా నా ప్రాణం తోడేస్తోంది, ఇప్పుడు దొరికానంటే ఇక బతకనివ్వదు అన్నారు. నా చేత చేతిలో చెయ్యి వేయించుకున్నారు.

అలా మా షాపులో ఒక కొత్త పద్ధతి మొదలైంది. ఏ పెన్ను వచ్చినా ముందు లోపల కడిగితేనే మామగారు ముట్టుకుంటారు. కడిగేది నేను. కడుగుతూ రుద్దుతాను, వాసన చూస్తాను, తుడిచి ఆయన బల్ల మీద పెట్టి లోపలికి వస్తాను. తర్వాత వచ్చినవాళ్ళకి తాగడానికి ఏదో ఒకటి పట్టుకెళ్తాను. కిటుకంతా ఆ గ్లాసులో ఉంది. కాఫీ అంటే ఎబొనైటు. టీ అంటే సెల్యులాయిడు. పాలంటే పాలవిరుగుడు. మంచినీళ్ళంటే ప్లాస్టిక్కు. ఈ ఆఖరిది చెప్పేటప్పుడు మామగారు మీసంలో నవ్వుకున్నారు. ప్లాస్టిక్కు తెచ్చినవాడికి అంతకన్నా మర్యాద ఎందుకని ఆయన ఉద్దేశం.

నేను గ్లాసు పట్టుకొచ్చేదాకా ఆయన కళ్ళు అరమోడ్చి పెన్నుని పీలుస్తూ ఉండేవారు. ఒకసారి పాలు పొంగి నాకు ఆలస్యమైంది. ఆయన పీల్చి పీల్చి కళ్ళు తిరిగి బల్ల పట్టుకున్నారు. వచ్చినాయన, ఒక పెన్ను కోసం ఇంత తపస్సు ఎవరు చేస్తారు మాస్టారూ అని కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ వెళ్ళాడు.

రెండేళ్ళు అలా గడిచాయి. ఒక్క చీటీ తప్పలేదు.

ఇప్పుడు ఏడుపెన్నులాయన వస్తాడు. కోటు జేబులో వరసగా ఏడు పెన్నులు గుచ్చుకుని తిరిగేవాడు, దూరం నుంచి చూస్తే ఎడమవైపు ఒరిగినట్టు కనబడేవాడు. ఆయనకి కావలసింది ఎనిమిదోది. అది మా మామగారి దగ్గర ఉంది. మామగారికి పని నేర్పిన గురువుగారు చేతులు వణకడం మొదలయ్యాక పని మానేస్తూ తన పెన్ను ఈయన చేతిలో పెట్టారు. ఎరుపూ నలుపూ అలలలాగా కలిసిన ఎబొనైటు. చీటీలన్నీ మామగారు దానితోనే రాసేవారు. భోజనానికి లేచినా దాన్ని బల్ల మీద వదిలేవారు కాదు, జేబులో పెట్టుకుని వచ్చేవారు. ఏడుపెన్నులాయన దాన్ని పదకొండు సార్లు అడిగాడు. పదకొండు సార్లూ మామగారు వినబడనట్టు పాళీ నూరుకున్నారు.

పన్నెండోసారి ఆయన అడగలేదు, పందెం వేశాడు. "నేనొక పెన్ను తెస్తాను మాస్టారూ. ఒళ్ళు, పూత, పాళీ మీరు చూసి చెప్పండి. మూడూ సరిపోతే ఇక జన్మలో మీ గురువుగారి పెన్ను ఊసెత్తను. ఒక్కటి తప్పిందా, అది నా జేబులోకి వస్తుంది." మామగారు తల అడ్డంగా ఊపబోయారు. ఆయన లేస్తూ లేస్తూ మెల్లిగా ఇంకో ముక్క అన్నాడు. "ముక్కు మీద నమ్మకం తగ్గితే వద్దులెండి, బలవంతం లేదు."

దాంతో మామగారు సరే అనేశారు.

తెర వెనక నేనంతా విన్నాను. ఆయన లోపలికి వచ్చి మంచినీళ్ళు తాగి, నా వైపు చూడకుండా, ఆదివారం వస్తాడట అన్నారు. మాట ఇచ్చింది ఆయన, నిలబెట్టాల్సింది నా ముక్కు. ఆ నాలుగు రోజులూ నేను దాన్ని చంటిపిల్లలా చూసుకున్నాను. జలుబు చేస్తుందని తల తడపలేదు. ఉల్లిపాయలు తరగలేదు. దుమ్ము దులపాల్సి వస్తే ముక్కుకి కొంగు కట్టుకుని దులిపాను. మా అత్తగారు చూసి చూసి, ముక్కుకి ఏమన్నా నగ చేయించుకుంటున్నావేమిటే అంత కాపాడుకుంటున్నావు అంది.

ఆదివారం పదింటికల్లా ఆయన దిగాడు. ముఖమల్ పెట్టె తీశాడు. అందులో నల్ల పెన్ను, ఒంటినిండా వెంట్రుకలంత సన్నని గీతలు, పచ్చగా మెరిసే క్లిప్పు. పద్ధతి ప్రకారం మామగారు దాన్ని కడగడానికి లోపలికి పంపారు.

మూత తీసేసరికి గుప్పున కర్పూరం. హమ్మయ్య, టీ పెడితే సరిపోతుంది అనుకున్నాను. అయినా సబ్బు వేసి కడిగాను. చన్నీళ్ళతోనే. ఏ పెన్నో తెలియనప్పుడు వేడినీళ్ళు తగలనివ్వకూడదు, ఎందుకంటే ఎబొనైటుకి ఒక జబ్బుంది. వేడినీళ్ళు పడితే నల్లరంగు విరిగి నాచురంగుకి తిరుగుతుంది, మళ్ళీ ఏం చేసినా రాదు. సరే, కడిగి తుడిచి రుద్దాను. కర్పూరం తగ్గింది. నాకు అక్కడ అనుమానం వచ్చింది. సెల్యులాయిడుకి కర్పూరం లోపల్నుంచి వస్తుంది, రుద్దేకొద్దీ పెరగాలి గాని తగ్గకూడదు. మూత తిప్పే మర దగ్గర, ఎవరి చెయ్యీ పడనిచోట వేలు పెట్టి వేడెక్కేదాకా రుద్దాను. అగ్గిపుల్ల వాసన. మళ్ళీ రుద్దాను. మళ్ళీ అగ్గిపుల్లే.

ఈ పెద్దమనిషి ఎబొనైటు పెన్నుని ఊరగాయలా కర్పూరంలో ఊరబెట్టి తెచ్చాడు.

నాకు కోపం రాలేదు చిట్టితల్లీ, నిజం చెబుతున్నాను, ముచ్చటేసింది. పెన్ను తీసుకెళ్ళి మామగారి ముందు పెట్టి, డికాక్షన్ సిద్ధంగానే ఉంది కదా, కాఫీ కలపడానికి వచ్చాను.

ఈలోపు మామగారు కంటికి భూతద్దం తగిలించుకుని మొదలుపెట్టారు. క్లిప్పు చివర గుండు జేబుగుడ్డకి రాసుకుని అరిగిన చోటు చూపించి, ఇక్కడ నల్లబడింది చూడండి, కింద వెండి ఉంది, వెండి మీద బంగారు పూత అన్నారు. ఇత్తడి మీద పూత వేసిందైతే అరిగినచోట పసుప్పచ్చగా తేలి, సందుల్లో చిలుము పట్టేదిట. పాళీ చూడగానే బంగారంలాగే ఉంది. ఆయన మాత్రం సిరా దిగే చిల్లు చుట్టూ చూశారు. అక్కడ పూతని సిరా తినేసింది, లోపల తెల్లగా ఉంది. అయస్కాంతం చూపిస్తే పాళీ టక్కున వెళ్ళి అంటుకుంది. ఉక్కు, పైన గిల్టు. రెండూ సరిగ్గా చెప్పారు. ఏడుపెన్నులాయన మొహం కొంచెం ముడుచుకుంది. ఇక మిగిలింది ఒళ్ళు. మామగారు పెన్ను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు అరమోడ్చారు.

నేను కాఫీ గ్లాసు పట్టుకుని తెర దగ్గరికి వచ్చేసరికి మా అత్తగారు ఎదురు. ఆవిడ చేతిలో ఇంకో గ్లాసు.

"అదెవరికే?"

"ఆయనకే అత్తయ్యా."

"కాఫీ పడదుట ఆయనకి. కడుపులో మంటట. నేనే అడిగాను, టీ అయితే ఓ చుక్క తాగుతానన్నాడు."

"ఒక్క గుక్క కాఫీకి ఏమీ కాదులెండి అత్తయ్యా."

"పందెం కట్టాడని మనిషి కడుపు మండిస్తామా? తప్పుకో."

ఏం చెప్పను? చెప్పకూడదని చేతిలో చెయ్యి వేశానాయె. ఆవిడ పాపం ఎప్పుడూ ముందుగదిలోకి రాదు. పందెం సంగతి తెలిసి, ఇంత మర్యాద చేస్తే ఆయన మనసు కరుగుతుందేమోనని ఆ రోజే వచ్చింది. రెండేళ్ళలో ఎవరూ తమకేం కావాలో నోరు తెరిచి అడగలేదు, ఇచ్చింది తాగి వెళ్ళారు. అడిగేవాడు ఒకడొస్తాడని నేనూ అనుకోలేదు, మామగారూ అనుకోలేదు.

టీ వెళ్ళి ఏడుపెన్నులాయన ముందు కూర్చుంది. మామగారి కళ్ళు సందులోంచి దాన్ని చూశాయి. ఆయన మొహం విప్పారింది. నాకు తెలిసిపోయింది అంటూ పెన్ను కింద పెట్టి, చీటీ దగ్గరికి లాక్కుని, గురువుగారి పెన్ను మూత తిప్పారు.

ఇక ఆగితే లాభం లేదని నేను కాఫీ తీసుకెళ్ళి మామగారి చేతి పక్కన పెట్టాను.

ఆయన చెయ్యి ఆగిపోయింది. టీ వైపు చూశారు. కాఫీ వైపు చూశారు. మళ్ళీ నల్లపెన్ను తీసి మూత ఒక చేత్తో, ఒళ్ళు ఒక చేత్తో పట్టుకుని మార్చి మార్చి చూడడం మొదలుపెట్టారు. నాకు అర్థమైంది. రెండు గ్లాసులొచ్చాయి కాబట్టి రెండు సరుకులనుకున్నారు. "ఇది అతుకుల పెన్నులా ఉందే. మూత పుట్టిందొక చోట, ఒళ్ళు పుట్టిందొక చోట..." అని గొణుగుతున్నారు.

నేను దగ్గాను. లాభం లేకపోయింది. ఏడుపెన్నులాయన టీ పెదాల దాకా ఎత్తాడు. గబుక్కున వెళ్ళి ఆయన చేతిలోంచి గ్లాసు లాక్కున్నాను.

"ఆగండి బాబాయిగారూ. పంచదార బదులు ఉప్పు పడింది."

తెర వెనక్కి ఇంకా సరిగ్గా వెళ్ళనే లేదు మా అత్తగారు. ఆ మాట చెవిన పడగానే వెనక్కి తిరిగి వచ్చింది. ఉప్పా, నా చేత్తో నేను పంచదార వేస్తే ఉప్పెలా అవుతుంది అంటూ నా చేతిలో గ్లాసు తీసుకుని అందరి ముందూ ఒక గుక్క తాగింది. పాకంలా ఉంది అంది. ఎంగిలని గుర్తొచ్చి ఇంకో గ్లాసులో టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. నేను తీశాను. ఆవిడ పెట్టింది. నేను మళ్ళీ తీశాను. మామగారి తల మాత్రం గ్లాసు ఎటు వెళ్తే అటు తిరుగుతోంది.

ఏడుపెన్నులాయన గ్లాసుని చూడడం మానేసి మామగారి తలని చూడడం మొదలుపెట్టాడు. తెలివైనవాడు. నెమ్మదిగా నోరు విప్పాడు.

"మాస్టారూ, పోయినేడు నేను తెల్లచారల పెన్ను తెస్తే నాకు పాలిచ్చారు. ఈ వయసులో నాకు పాలేమిటా అనుకున్నాను. అది పాలవిరుగుడు పెన్నని చెప్పి పంపారు. మా బావమరిది ప్లాస్టిక్ పెన్ను తెచ్చాడు. వాడికి మంచినీళ్ళు పోశారు. వాడు ఇప్పటికీ మిమ్మల్ని తిడుతూనే ఉంటాడు."

మా అత్తగారు నా వైపు తిరిగింది. "మా తమ్ముడికి కూడా మంచినీళ్ళేగా ఇచ్చావు. ఎర్రటి ఎండలో పడి వచ్చినవాడికి. పిసినారి కోడలు దొరికిందని నేను కుమిలిపోయాను."

మామగారు కంటి అద్దం తీసేశారు. నశ్యం డబ్బా జేబులోంచి తీసి బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ చెప్పారు.

"నా ముక్కు పోయి రెండేళ్ళయింది. చీటీ మీద సంతకం నాది, వాసన మా కోడలిది. పందెం నేను చూసి చెబుతానని. నేను చూడలేను." అని గురువుగారి పెన్నుకి మూత బిగించి ఏడుపెన్నులాయన వైపు తోశారు. "తీసుకోండి."

ఆ తోసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది, వెనక్కి రాలేదు. ఏడుపెన్నులాయన చెయ్యి బల్ల మీదికి వచ్చింది. నాకు మా మామగారి వేళ్ళ చివర్లు చూస్తే దుఃఖం ఆగలేదు. దుఃఖం వస్తే నాకు నోరు ఊరుకోదు, చిన్నప్పట్నుంచీ అంతే.

"ఒక్క మాట బాబాయిగారూ. మావయ్యగారు దొంగాట ఆడారు, ఒప్పుకున్నారు. మీరు ఆ పెన్నుని ఎన్ని రోజులు కర్పూరంలో ఊరబెట్టారో కూడా చెబితే లెక్క సరిపోతుంది."

ఆయన చెయ్యి ఆగింది. కాని గట్టివాడు, తొణకలేదు. "సెల్యులాయిడుకి కర్పూరం వాసన రాక మరేమొస్తుంది అమ్మాయీ?"

"ఓహో, సెల్యులాయిడా. నాకు చదువూ సంధ్యా లేవు, పొరపాటు పడి ఉంటాను. పొయ్యి మీద నీళ్ళు తెర్లుతున్నాయి, ఒక్కసారి ముంచి తెస్తే నా అనుమానం తీరిపోతుంది." అని నల్లపెన్ను తీసుకుని తెర వైపు నడిచాను.

నాలుగడుగులు వేశానో లేదో, కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. అంతటి మనిషి పరుగెత్తుకొచ్చి తెర పట్టుకుని అడ్డం నిలబడ్డాడు. జేబులో ఏడింటిలో రెండు పెన్నులు కింద రాలాయి. వాటిని కూడా చూసుకోలేదు.

"వద్దమ్మా, వద్దు. నల్లరంగు పోతుంది."

"ఏ పెన్నుకి నల్లరంగు పోతుంది బాబాయిగారూ?"

ఆయన వంగి, రాలిన పెన్నులు ఏరుకోవడం మొదలుపెట్టాడు. వెనక నుంచి ఏదో చప్పుడు వచ్చింది. తిరిగి చూస్తే మా మామగారు. భుజాలు ఎగురుతున్నాయి, ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. పక్కన ఉన్న కాఫీ తీసుకుని తాగేశారు.

ఏడుపెన్నులాయన వచ్చి కుర్చీ నిలబెట్టుకుని కూర్చున్నాడు. ముక్కు కాస్తో కూస్తో మిగిలి ఉన్నా తప్పు చెప్పాలని పది రోజులు కర్పూరం డబ్బాలో పెట్టానని ఒప్పుకున్నాడు. మామగారి ముక్కు మీద ఎందుకు అనుమానం వచ్చిందంటే, అంతకు ముందు నెల ఆయన అత్తరు సీసా ఒలికి కోటంతా తడిసి మా షాపుకి వచ్చాడట. వీధిలో అందరూ ముక్కులు మూసుకుంటే, పక్కనే కూర్చున్న మామగారు ఒక్క మాట అనలేదట. నేను ఆ రోజు పెళ్ళికి ఊళ్ళో లేను, లేకపోతే చెప్పి ఉండేదాన్ని. మీరూ కల్తీ, నేనూ కల్తీ, మధ్యలో ఈ పిల్లొక్కతే అసలు సరుకు అన్నాడాయన. గురువుగారి పెన్నుని తనే తీసి మామగారి జేబుకి తగిలించాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు మా ఇంటికి వచ్చాడు, ఒక్కసారీ అడగలేదు. ఏ పెన్ను తెచ్చినా ఆయనకి టీయే.

ఆ చీటీ మామగారు ఆ రోజే రాశారు. ఒళ్ళు ఎబొనైటు, పూత వెండి మీద బంగారం, పాళీ ఉక్కు మీద గిల్టు. సంతకం పెట్టి నా వైపు తిప్పారు. నువ్వూ పెట్టు అన్నారు. నాకు సంతకం రాదన్నాను. రాకపోతే వేలు ఉంది కదా అన్నారు. పెన్నుల్ని రుద్దే ఈ బొటనవేలే సిరాలో అద్ది చీటీ మీద వేశాను. ఆ రోజు నుంచి మా షాపు చీటీలన్నిటి మీదా ఆయన సంతకం, పక్కన నా వేలిముద్ర. బల్ల దగ్గర ఇంకో కుర్చీ వేయించారు. కొత్తగా వచ్చినవాళ్ళు, ఈ ముద్ర ఎవరిది మాస్టారూ అని అడిగితే ఆయన తడుముకోకుండా, అది మా షాపు ముక్కు అనేవారు.

మా అత్తగారు నశ్యం డబ్బాని ఏం చేసిందో ఈనాటికీ తెలియదు. తమ్ముడికి మాత్రం కబురుపెట్టి పిలిపించి, కాఫీ, టీ, పాలు మూడూ వరసగా ముందు పెట్టించింది, అదీ నా చేతే. పాపం ఆయనకి ఏమీ అర్థం కాలేదు, మూడూ తాగి వెళ్ళాడు.

ఇదమ్మా సంగతి. గుర్తుపెట్టుకో, నీ తర్వాతివాళ్ళకి నువ్వే చెప్పాలి. మామగారు తప్పు ఒప్పుకున్న మాట మింగెయ్యకు, దాని తర్వాతే ఆయన నవ్విన మాట చెప్పు. నాకు చదువు లేదన్నది దాచకు. ఇంకొక్కటి. టీలో ఉప్పు పడిందని నేనన్నది పచ్చి అబద్ధమని తప్పకుండా చెప్పు. మా అత్తగారు ఏనాడూ టీలో ఉప్పు వెయ్యలేదు, ఆవిడకి ఆ మాట రానివ్వకు.